వాడి సాక్ష్యంలో నీ చావు

బావా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడేళ్లు. తాగి లారీ నడిపి, మల్కాపురం రోడ్డు మీద నీ సైకిల్ని గుద్దినవాడు ఇప్పుడు మన చర్చికే వస్తున్నాడు. మారుమనసు పొందాడట. నెలనెలా లేచి సాక్ష్యం చెబుతాడు, అందరూ ఆమెన్ అంటారు. చెప్పిన ప్రతిసారీ నీ చావుకి మెరుగులు దిద్దుతాడు. ఇవాళ నీ చేత చివరిమాటగా "యేసయ్యా" అనిపించాడు. నువ్వు మంచినీళ్లు అడిగావని కోర్టులో చెప్పింది వాడే.

ఆరాధన అయ్యాక నా దగ్గరకొచ్చి, "నన్ను చమించీసేనని ఒక్క మాట సెప్పక్కా" అన్నాడు.

"దేవుడు చమించీసేడని ఇందాకే సెప్పేవు కదా. మద్దిన నానెందుకు?" అన్నాను. వాడి ముఖం పాలిపోయింది. నాకు హాయిగా అనిపించింది.

నిజానికి పోయిన నెలే క్షమించేశాను. పగ ఉంచుకుని ప్రభువు బల్లలో చెయ్యి వేయకూడదని ఏడేళ్లు చర్చిలో పంచే రొట్టె ముట్టలేదు. పోయిన నెల, వాడు నా ముందు వరసలో ఉండగానే, మోకరించి "వదిలేశాను ప్రభువా" అని ఆ రొట్టె తీసుకున్నాను. అబద్ధం కాదు. ఇప్పుడు వాణ్ణి చూస్తే కడుపు మండడం లేదు.

ఆ సంగతి దేవుడికి తెలుసు, నీకు చెప్పాను. వాడికి మాత్రం చెప్పను. చెబితే వచ్చే నెల అదీ సాక్ష్యంలో కలిపేస్తాడు.