ఒక్కరికే చెప్పాను

మండపేట,
ఆగస్టు 8, శుక్రవారం

నా బుడ్డోడా,

ఆరడుగుల నాలుగంగుళాలు పెరిగినా, పేపర్లో బాస్కెట్‌బాల్ స్టార్ విజయ్ పాల్ అని పెద్ద పెద్ద అక్షరాలు వేసినా, నువ్వు నాకు బుడ్డోడివే. నాలుగు నెలలై నీ ఫోను పలకడం లేదు. అందుకే ఈ ఉత్తరం. నాది నాలుగో తరగతి చదువు. బైబిలు వాక్యాలు చూసి రాసుకోవడమే తప్ప ఇంత పొడుగున ఎప్పుడూ రాయలేదు, తప్పులుంటే సర్దుకో. నీతో ఆడే మణిదీప్ రేపు మనింటికి వస్తానన్నాడు. చెన్నైలో నువ్వెక్కడ ఉంటున్నావో అతనికి తెలుసట. అతని చేతికిస్తాను.

కూర్చుంటే కూర్చోలేను, నిలబడితే నిలబడలేను. ఈ కాస్త రాసేసరికి రెండుసార్లు లేచి వీధి గుమ్మం దాకా వెళ్ళొచ్చాను. మిల్లు కళ్లంలో ఎండబోసిన ధాన్యం కాలితో తిరగేస్తున్నప్పుడూ అంతే. "ఏమే సంపూర్ణా, తిప్పిన చోటే తిప్పుతున్నావేంటి? ఆ గింజలు నీకేం అపకారం చేశాయే?" అని వెంకటదుర్గ నవ్వింది. నవ్వింది గానీ తర్వాత తన మంచినీళ్ళ సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. అందరూ అలా లేరు. టీకొట్టు దగ్గర మీ నాన్నని ఆపి "ఏం ముసలయ్యా, మీవోడు మ్యాచ్ ఎంతకి అమ్మాడేంటి?" అంటున్నారు. మీ నాన్న టీ తాగడమే మానేశాడు.

బుడ్డోడా, ఆ రోజు ఫోన్లో నిన్ను ఎంత మాటన్నాను! పందేలవాళ్ళకి లోపలి సంగతి అమ్ముకున్నాడు, ఇక జన్మలో ఆడనివ్వరు అని టీవీలో నీ ఫొటో వేసి చెబుతుంటే నాకు ఒళ్ళు తెలియలేదు. "డబ్బుకి కక్కుర్తి పడ్డావా? నీ మొహం నాకు చూపించకు" అన్నాను. నువ్వు "సరే అమ్మా" అన్నావు. అంతే. తిరిగి అరిచినా బాగుండేది. ఆ "సరే అమ్మా" ఇంకా నా చెవిలో తిరుగుతూనే ఉంది.

నిజం చెప్పు. తప్పు చేశావా? చేసినా సరే, ఇంటికి రా. తిడతాను. అన్నం పెట్టే తిడతాను.

నీ అమ్మ,
సంపూర్ణమ్మ


మండపేట,
ఆగస్టు 9, శనివారం

బుడ్డోడా, నా తండ్రీ,

నిన్నటి ఉత్తరం మణిదీప్‌కి ఇవ్వలేకపోయాను. ఎందుకో చెబుతాను విను.

పొద్దున వచ్చాడు. ఆ పొడుగు కాళ్ళు చాప మీద ముడుచుకోలేక అవస్థపడ్డాడు. అన్నం పెట్టి చేపల పులుసు పోశాను. తింటూ తింటూ అన్నాడు. "ఆంటీ, వాడు అమ్ముకోలేదండి. మోకాలు వాచి ఆదివారం ఫైనల్ ఆడలేడన్న సంగతి మా టీము దాటి బయటికి పోకూడదు. అలాంటిది శనివారం సాయంత్రానికే మేం ఓడిపోతామని లక్షల్లో పందేలు పడ్డాయండి. అదీ వాడి సొంతూరు వైపు నుంచే. ఎవరికి చెప్పావని ఎంక్వైరీలో మూడు రోజులు కూర్చోబెట్టారు. 'ఒక్కరికే చెప్పాను, పేరు చెప్పను' అన్నాడు. పేరు చెప్పకపోతే అమ్ముకున్నట్టే లెక్క అన్నారు. అయినా చెప్పలేదండి. మాక్కూడా చెప్పలేదు. ఎవరో అమ్మాయి అయ్యుంటుందని మేమనుకుంటున్నాం."

తింటున్నది అతను, ముద్ద అడ్డం పడింది నాకు.

ఆ అమ్మాయిని నేనే కదరా.

ఆ శుక్రవారం నువ్వు ఫోను చేసి, "అమ్మా, మోకాలు బూరెలా వాచింది. ఆదివారం దిగలేను. ఎవరికీ చెప్పకు" అన్నావు. నేను ఎవరికీ చెప్పలేదు. చర్చి స్త్రీల కూడికలో, నీ కోసం ప్రార్థన చేయమని మనవి ఇచ్చాను, అంతే. అదీ చెప్పడమేనని నాకు తోచలేదు. జ్వరమొచ్చినా, గేదె తప్పిపోయినా, కోడలు అలిగి పుట్టింటికి పోయినా మేం ఇచ్చుకునేది అదే కదా. కూడికకి రాలేనివాళ్ళ కోసం పాస్టరమ్మ కృపారాణిగారు ఎవరి మనవి వాళ్ళ గొంతుతోనే రికార్డు చేసి చర్చి వాట్సాప్ గ్రూపులో పెడతారు.

మణిదీప్‌ని విస్తరి ముందే వదిలేసి వాళ్ళింటికి పరిగెత్తాను. ఆవిడ ఫోన్లో వెతికి వినిపించారు. "మా అబ్బాయి మోకాలు వాచిందండి, ఆదివారం ఆడలేడంట. ఎవరికీ చెప్పొద్దన్నాడండి. మీరు కూడా ఎవరికీ చెప్పకండి, ప్రభువుకి మాత్రం గట్టిగా చెప్పండి." నా గొంతే. కింద నూట అరవై మంది ఆమెన్ అని పెట్టారు.

అందులో ఒక ఆమెన్ అనిల్ కుమార్‌ది. చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, చిన్నప్పుడు నీతో కలిసి చర్చి వెనక గోడకి సైకిలు రిమ్ము కొట్టి బంతి వేసేవాడు, వాడే. వాడికి ఈమధ్య ఫోన్లో పందేల పిచ్చి పట్టిందని కృపారాణిగారే అన్నారు. వెళ్ళి నిలదీస్తే ముందు బుకాయించాడు. తర్వాత కళ్ళు తుడుచుకుంటూ, "నేను ఆ మ్యాచ్ మీద కట్టలేదు అత్తా. నాతో పందేలాడే ఫ్రెండుకి పంపానంతే. ఒక్కడికే" అన్నాడు.

నువ్వు ఒక్కరికే. వాడు ఒక్కడికే. నూట అరవై మందికి చెప్పింది మధ్యలో నేనే. ఇక వాడిని ఏమని తిట్టను?

నీ మొహం చూపించకు అని నేనన్నప్పుడైనా "నీవల్లే అమ్మా" అని ఒక్క మాట ఎందుకు అనలేదురా? కళ్లంలో పదిమంది ముందు నేను తలదించుకోవాలనా నీ భయం? నా తల కాపాడి నీ ఆట ఇచ్చేశావా?

ఇంకేం రాయను?

అమ్మ


రాజమండ్రి స్టేషన్,
ఆగస్టు 11, సోమవారం

బుడ్డోడా,

సూట్‌కేసు మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను, గీతలు వంకరపోతే ఏమీ అనుకోకు. మణిదీప్ చెన్నై బండి ఎక్కుతాడు, మూడు ఉత్తరాలూ కలిపి నీకు ఇస్తాడు. మేము హైదరాబాదు బండి ఎక్కుతాం. ఎంక్వైరీ పెద్దమనుషులు అక్కడే ఉంటారట. వాళ్ళకి నా గొంతు వినిపించడానికి కృపారాణిగారు తన ఫోను పట్టుకుని వస్తున్నారు.

నిన్న ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడ్డాను. మేలు పొందినవాళ్ళే కదా అప్పుడు లేచేది. "ఏం మేలు పొందావమ్మా?" అన్నారు పాస్టరుగారు. "మేలు కాదండి, నేను చేసిన కీడు" అన్నాను. మొదట్నుంచీ చెప్పాను. మీవోడు ఎంతకి అమ్మాడు అన్నవాళ్ళంతా అక్కడే ఉన్నారు. అనిల్ కుమార్ పేరు నేను ఎత్తలేదు. వాడే కీబోర్డు దగ్గర్నుంచి లేచొచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఇప్పుడు ఎదురుగా బెంచీ మీద గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు, వాడూ వస్తున్నాడు. మీ నాన్న నిన్న చర్చి నుంచి తిన్నగా టీకొట్టుకి వెళ్ళి, అందరి మధ్యా కూర్చుని టీ తాగొచ్చాడు.

నిన్ను మళ్ళీ ఆడనిస్తారో లేదో నాకు తెలీదు. మణిదీప్ కూడా గట్టిగా చెప్పలేకపోయాడు. నువ్వు నాకు చెప్పడం కూడా తప్పేనట. ఆ తప్పుకి ఎంత శిక్షో అంతే పడనీ. అమ్ముకున్నాడన్న మాట మాత్రం నీ పేరు పక్కన ఉండకూడదు. ముందే తెలిస్తే నువ్వు అడ్డుపడతావని, ఉత్తరం నీకు చేరకముందే బయల్దేరాను. కోపమొస్తే ఇంటికొచ్చి నా ఎదురుగా కోప్పడు. నీ మొహం చూపించు నాన్నా.

బండి వస్తోందంటున్నారు.

నీ అమ్మ,
సంపూర్ణమ్మ

మణిదీప్ సంచిలో రొయ్యల పచ్చడి సీసా పెట్టాను. నువ్వు సగానికి సగం అయిపోయావని, ఒక్క పూటే తింటున్నావని చెప్పాడు. రెండు పూటలా కడుపునిండా అన్నం తిను.