జేబు మీది మరక

1974, శుక్రవారం రాత్రి

మూడు నెలలుగా మందు వాడుతున్నా నా కడుపునొప్పి తగ్గడం లేదని ఈ సాయంత్రం మళ్ళీ మొఘల్‌పురా హకీమ్ దగ్గరికి వెళ్ళాం. ఆయన నాడి పట్టుకొని, "పరహేజ్ సరిగ్గ చేస్తున్నవా భాయ్?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ అందుకుంది. "పథ్యం అస్సలు తప్పుతలేడు సాబ్. ఆయన మనసు గుంజొద్దని నేను, పిల్లలు గూడ కారం బంద్ చేసినం."

నేను తలూపాను. మధ్యాహ్నం ఆఫీసు బయట తిన్న మిరపకాయ బజ్జీల నూనె నా చొక్కా జేబు మీద ఇంకా ఆరలేదు. హకీమ్ ఆ మరకను చూశాడు, నన్ను చూశాడు.

"తప్పు నాదే బేటీ. మందు మారుస్త," అని వేరే పొట్లాలు కట్టాడు.

దారి పొడవునా ఆమె హకీమ్‌నే తిట్టింది. నేను ఊఁ కొట్టాను.