అందరూ వింటుండగా

మా ఇంటి మహారాణికి,

నేనిక్కడ క్షేమం. నువ్వూ పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఎప్పటిలా ‘మేమిద్దరం క్షేమం’ అని ఎందుకు రాయలేదా అని నువ్వప్పుడే మొదటి వాక్యం మళ్ళీ చదువుతుంటావు. చెప్తాను, కాస్త ఓపిక పట్టు.

పాపకు పళ్ళు వస్తున్నాయని, అందరినీ కొరుకుతోందని రాశావు. తల్లి పోలిక. నా మోకాలి నొప్పి తగ్గింది, క్రేన్ నిచ్చెన బాగానే ఎక్కుతున్నాను. ఇక, నా పోయిన ఉత్తరం చివర నీ తమ్ముడు ఒక్క ముక్కయినా రాయలేదేమని అడిగావు. వాడిప్పుడు నా గదిలో ఉండడం లేదు.

క్రేన్ పైన కూర్చున్న నాకు గోడల వెనక ఏముందో కనపడదని నీకు తెలుసు. కింద నుంచి వాడు రేడియోలో “కొంచెం ఎడమకి బావా, ఇంకాస్త, చాలు” అంటుంటే ఆ గొంతునే నమ్ముకుని బరువు దించుతాను. మొన్నామధ్య భోజనాల దగ్గర వాడు “నేను లేకపోతే మా బావకి కళ్ళు లేనట్టే” అని నలుగురినీ నవ్వించాడు. బావమరిది వేళాకోళం కదా, నేనూ నవ్వాను. సూపర్‌వైజర్ నవ్వలేదు. మర్నాడే నన్ను కంటి పరీక్షకి పొమ్మన్నాడు. ఉద్యోగం పోతుందేమోనని హడలిపోయాను.

ఆ మర్నాడు ఇనుప కడ్డీలు దించుతుంటే వాడు “మెల్లగా బావా” అన్నాడు. “నా ఇంటి తిండి తిని పెరిగినవాడివి, నువ్వా నాకు చెప్పేది?” అనేశాను. ఆ రేడియోలో ఏ లైను మీద మాట్లాడినా సైటంతా వింటుంది. కింద ఒక్కరూ తలెత్తలేదు. మీ అమ్మ పోయాక నువ్వు ఒళ్ళో పెట్టుకుని పెంచిన పిల్లాణ్ణి అంతమందిలో అలా అన్నాను. వాడు గొంతు వణక్కుండా ఆ కట్టను నేలకి దింపించాడు. తరవాత హెల్మెట్ తీసి మేకుకి తగిలించి వెళ్ళిపోయాడు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటావు చూడు, అదే అయింది. నా కళ్ళకేమీ లోపం లేదన్నారు. వాడి చోటికి వచ్చిన కొత్తవాడి గొంతు వింటే మాత్రం నా చేతులు కదలడం లేదు.

నీ తమ్ముడిప్పుడు రెండో క్రేన్ దగ్గర పనిచేస్తున్నాడు. ఎదురుపడితే మొహం తిప్పుకుంటున్నాడు. అందరి ముందూ అన్నదానికి అందరి ముందే క్షమించమనాలని, నిన్న రేడియోని వాళ్ళ లైనుకి తిప్పి “ఒరేయ్” అన్నాను.

“బావా, బరువు గాల్లో ఉంది. ఇప్పుడు మాట్లాడకు.”

ఆగాను. బరువు నేలకి దిగింది.

“ఇప్పుడు చెప్పు బావా.”

అందరూ వింటున్నారు. మాట్లాడే బటన్ నొక్కి, వదిలేశాను. వాడు చాలాసేపు లైను మీదే ఉన్నాడు.

ఇట్లు,
నీ తమ్ముడి బావ