నల్లపట్టీ కట్టిన చేతికి ఒక జవాబు కోరుతూ

సైనిక వైద్య సేవల ప్రధానాధికారి గారి సముఖమునకు, ప్రభుత్వ కార్యాలయం మెట్ల పక్కన బల్ల వేసుకుని అర్జీలు రాసి జీవించు ఒక తండ్రి పెట్టుకొను మనవి.

అయ్యా,

విషయం: సైనిక వైద్యాధికారిణి అయిన నా కుమార్తెకు, పదవీ విరమణ చేసిన తన మార్గదర్శి అధికారిణితో ఒక్క పూట మాట్లాడుకొనుటకు అనుమతి ఇప్పించుట గురించి.

పై విషయమై తమకు సవినయంగా తెలియజేయునది ఏమనగా, పింఛను ఆగినవాళ్లు, కొళాయి రానివాళ్లు, కొడుకు తిండి పెట్టనివాళ్లు నా బల్ల ముందు కూర్చుంటారు. ఏ గోడు ఏ గదికి పోవాలో, ఏ అధికారి పేర రాయాలో చెప్పడమే నా విద్యలో సగం. మిగతా సగం, వాళ్ల ఏడుపును ‘విన్నవించడమైనది’, ‘కోరడమైనది’ అనే మాటల్లోకి మడతపెట్టి ఇవ్వడం. నా సొంత ఏడుపు మాత్రం ఎంత నొక్కినా మడత పడటం లేదు. కాబట్టి ఈ అర్జీలో అక్కడక్కడ భాష అదుపు తప్పినచో మన్నించగలరు.

1. నా కుమార్తె వైద్యవిద్య పూర్తికాగానే సైన్యంలో చేరినది. అప్పట్లో తమ శాఖవారు ప్రతి కొత్త డాక్టరునూ ఒక అనుభవజ్ఞుడైన డాక్టరుకు అప్పగించు మంచి ఏర్పాటు ఉండినది. మా అమ్మాయి ఎవరి చేతికి వచ్చిందో ఆమెను అందరూ పెద్ద డాక్టరమ్మ అంటారు. ఆపరేషన్లలో చేయి తిరిగిన మనిషి, నోరు మాత్రం మహా గడుసు. మొదటి రోజే, “డాక్టరువి అయ్యావు సరే, అధికారివి ఇంకా కాలేదు. కత్తి ఎలా పట్టాలో కాలేజీలో నేర్పి ఉంటారు. ఎప్పుడు దించాలో నేను నేర్పుతాను” అన్నదట.

2. తమకు తెలియనిది కాదు, ఒకేసారి చాలామంది గాయపడి వచ్చినప్పుడు డాక్టర్లు మణికట్టుకు రంగుపట్టీలు కడతారు. ఎర్రపట్టీ కట్టినవాణ్ణి వెంటనే ఆపరేషన్ బల్ల మీదికి ఎక్కించాలి. పసుపుపట్టీవాడు కాస్త ఆగగలడు. నల్లపట్టీ అంటే ఇక లాభం లేదు, ఉన్న మందూ ఉన్న రక్తమూ మరొకరికి వాడాలి. ఏది ఎవరికో తేల్చవలసింది అక్కడున్న డాక్టరే.

పెద్ద డాక్టరమ్మ దగ్గర దీనికో కట్టుబాటు ఉండేది. నల్లపట్టీ కట్టిన డాక్టరు ఆ రోజు అన్నం ముట్టుకునే ముందు ఆమె ఎదుట కూర్చుని జరిగింది చెప్పాలి. ఆమె ఓదార్చదు. మూడే అడుగుతుంది. చూసినప్పుడు ఎలా ఉన్నాడు? అప్పుడు నీ చేతిలో ఏముంది? వెనక ఎవరు ఆగి ఉన్నారు? అంతా విన్నాక రెండింటిలో ఒక మాట అంటుంది. “నేనైనా అదే కట్టేదాన్ని” అని, లేదా “తప్పు కట్టావు, ఇకమీదట ఇది చూడు” అని. ఒకసారి మా అమ్మాయికి ఆ రెండో మాట పడింది. ఆ పూట ఫోనులో వెక్కి వెక్కి ఏడ్చింది గానీ మర్నాడు లేచి పనికి పోయింది. తప్పని తేలినా నిద్ర పడుతుందట, ఏదీ తేలకపోతేనే పట్టదట. ఈ సంగతి నాకు అప్పట్లో బుర్రకెక్కలేదు.

3. పెద్ద డాక్టరమ్మ విరమణ పొందిన పిమ్మట ఆమె స్థానంలో ఎవరినీ నియమించకపోగా, మొత్తం ఏర్పాటునే ఎత్తివేసి, దానికి బదులు ‘నాయకత్వ వికాస శిబిరం’ ప్రవేశపెట్టడమైనది. చల్లటి గదిలో, చొక్కాకు మైకు తగిలించుకున్న ఒకాయన మా అమ్మాయితో కాగితపు గ్లాసులు ఒకదాని మీద ఒకటి పేర్పించాడు. కళ్లకు గంతలు కట్టి వెనక్కి వాలమన్నాడు, తోటి డాక్టర్లు పట్టుకున్నారు. దీనివల్ల నమ్మకం పెరుగుతుందట. నాయకుడి ముఖంలో తడబాటు కనబడరాదనీ, నాయకుడు పరిష్కారమే తప్ప సమస్య మోసుకురాడనీ చెప్పి, అందరి చేతా గట్టిగా అనిపించాడు. ఈ శిబిరాన్ని వెటకారం చేయు ఉద్దేశం నాకు లేదు. కొంచెం ఉంది.

4. ఆ వెంటనే మా అమ్మాయిని కొండ మీది శిబిరానికి ఏకైక డాక్టరుగా పంపినారు. అక్కడ వంటమనిషి ఒకడుండేవాడు, అందరూ బాబాయ్ అని పిలిచేవాళ్లు. పొద్దున్నే గ్లాసు నిండా టీ తెచ్చి, “తాగు తల్లీ, రోగులు ఎక్కడికీ పోరు” అనేవాడట. ఒకరోజు మందుగుండు కొట్టు పేలినది. గాయపడినవాళ్లను వరుసగా వసారాలో పడుకోబెట్టారు. బల్ల ఒకటే, రక్తం అంతంత మాత్రం, డాక్టరు ఇరవై తొమ్మిదేళ్ల పిల్ల.

బాబాయికి పొట్టలో ఇనుప ముక్క దిగింది. లోపల రక్తం పోతోంది. మాట మాత్రం స్పష్టంగా ఉంది. అతని పక్కన తొడ నరం తెగిన ఒక సిపాయి. అమ్మాయి సిపాయికి ఎర్రపట్టీ కట్టింది, బాబాయికి నల్లపట్టీ కట్టింది. ఏళ్ల తరబడి సైనిక డాక్టర్ల మధ్య తిరిగిన మనిషి బాబాయి. మణికట్టు కేసి ఒకసారి చూసుకుని, చొక్కా చెయ్యి పట్టీ మీదికి లాక్కుని, “వాళ్లు కుర్రాళ్లమ్మా, వాళ్లను చూడు. నేను ఆగుతాలే” అన్నాడట. తెలిసి అన్నాడో తెలియక అన్నాడో ఆమెకు ఇప్పటికీ అంతుబట్టలేదు. సిపాయి బతికాడు. ఆమె చేతులు కడుక్కుని బయటికి వచ్చేసరికి బాబాయి పోయాడు.

5. అడగడానికి పెద్ద డాక్టరమ్మ లేదు కనుక నాకు ఫోను చేసి మొత్తం చెప్పింది. (ఇందుమూలంగా రహస్య నిబంధనలు ఉల్లంఘింపబడి యున్నచో ఆ దోషం విన్నవాడిది, అనగా నాది.) “ముందు బాబాయిని బల్ల మీదికి తీసుకుని ఉంటే బతికేవాడా నాన్నా?” అంది. నాకేం తెలుసు? నాకు తెలిసింది నా కూతురు. “నువ్వు ఏం చేసినా మంచే చేసి ఉంటావు తల్లీ” అన్నాను. “నువ్వలాగే అంటావు నాన్నా. నేను మనిషిని చంపి వచ్చినా అలాగే అంటావు” అని పెట్టేసింది. నిజమే. ఈ విషయంలో తండ్రి మాట చెల్లని కాసు. జీవితంలో మొదటిసారి నా ప్రేమ ఎందుకూ పనికిరాకుండా పోయింది.

6. ప్రస్తుతం సెలవు మీద ఇంట్లోనే ఉన్నది. వాళ్లమ్మ రోజూ టీ పెడుతుంది, అది చల్లారి తొరక కడుతుంది. ఎవరైనా ఇంటికొస్తే అమ్మాయి కళ్లు ముందు వాళ్ల మణికట్ల మీదికి పోతున్నాయి. ఆ నాయకత్వ శిబిరంలో పడిపోకుండా అందరూ పట్టుకున్నారు కదమ్మా అని నేనొకసారి నోరు జారితే, “అక్కడ వెనక్కి పడ్డాను నాన్నా. ఇక్కడ ముందుకి పడుతున్నాను” అంది.

ఈ పరిస్థితిని తమ కార్యాలయంలో స్వయంగా విన్నవించుకోగా అక్కడి గుమాస్తా, “కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ? మీ అమ్మాయి ఏ ఫిర్యాదూ చేయలేదే!” అన్నారు. కందకు దురద ఉందండీ. ఉందని పైకి చెప్పరాదని మీ శిబిరంలోనే గట్టిగా అనిపించి నేర్పించారు.

7. గోరుచుట్టు మీద రోకటి పోటు వలె, ‘ఒత్తిడిలో చెక్కుచెదరని నాయకత్వం’ కనబరచినందుకు ఆమెకు ప్రశంసాపత్రం ఇచ్చి, ఎత్తివేసిన ఏర్పాటును మళ్లీ తెరిచి, కొత్తగా చేరిన ముగ్గురు డాక్టర్లకు ఆమెనే మార్గదర్శిగా నియమించినారు. ఆ ముగ్గురిలో ఒకామె ఇప్పుడు అదే కొండ మీద, అదే బల్ల దగ్గర ఉన్నది.

8. పెద్ద డాక్టరమ్మ ఈ ఊళ్లోనే, చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు. నేను వెళ్లి కలిశాను. “దాన్ని పంపించండి, అడగాల్సింది అడుగుతాను” అన్నారు. కానీ విరమణ పొందినవారు బయటివారు, సైనిక సంఘటనలు బయటివారితో చర్చించరాదని తమ నిబంధన. మా అమ్మాయి నిబంధన దాటదు. నాతో ఒకసారి దాటినందుకే కుమిలిపోతోంది. ఇకపోతే అసలు సంగతి. పెద్ద డాక్టరమ్మకు మతిమరుపు జబ్బు మొదలైనది. తలుపు దాకా వచ్చి, “మనుషులు మరుపున పడుతున్నారండీ, గాయాలు ఇంకా గుర్తున్నాయి. అవీ పోకముందే పంపండి” అన్నారు.

కావున తమరు దయయుంచి, మా అమ్మాయి ఆమె ఎదుట కూర్చుని జరిగింది చెప్పుకొనుటకు ఒక్క పూట అనుమతి ఇప్పించవలసినదిగా ప్రార్థన. తలుపులు వేసుకుని మాట్లాడుకుంటారు. కావలెనన్న తమ మనిషిని కాపలా ఉంచుకోండి, నేను వీధి చివర నిలబడతాను. ఆమె “అదే కట్టేదాన్ని” అన్నా సరే, “తప్పు కట్టావు” అన్నా సరే, మేము తలవంచి ఇంటికి తెచ్చుకుంటాము. ఆలస్యమైతే అనుమతి మిగులుతుంది, జవాబు మిగలదు.

ఈ తండ్రి గోడు తమరు చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
అర్జీలు రాసేవాడు

తా.క.: కవరు ఇంకా అంటించలేదు. నిన్న పెద్ద డాక్టరమ్మ చెల్లెలు ఫోను చేసి, “అక్కకు మరీ ఎక్కువైందండీ, వచ్చేదుంటే ఇవాళే రండి” అన్నారు. అమ్మాయి రానంది. చెయ్యి పట్టి లాక్కుపోయాను. నిబంధన దాటించింది నేను. శిక్ష ఏదైనా ఉంటే నాకు వేయండి.

పెద్ద డాక్టరమ్మ మమ్మల్ని గుర్తుపట్టలేదు. “ఎవరి తాలూకు మీరు?” అన్నారు. అమ్మాయి ఎదురుగా కూర్చుని, పొట్టలో ఇనుప ముక్క దిగిన మనిషి గురించి చెప్పడం మొదలుపెట్టగానే ఆమె నిటారుగా కూర్చున్నారు. “చూసినప్పుడు ఎలా ఉన్నాడు?” అమ్మాయి చెప్పింది. “అప్పుడు నీ చేతిలో ఏముంది?” చెప్పింది. మూడో ప్రశ్న కోసం ఇద్దరం ఎదురుచూశాం. ఆమె కిటికీ కేసి చూసి, ఇటు తిరిగి, “చూసినప్పుడు ఎలా ఉన్నాడు?” అన్నారు. అమ్మాయి మళ్లీ మొదటినుంచి చెప్పింది. పెద్ద డాక్టరమ్మ మళ్లీ మూడో ప్రశ్న ముందే ఆగిపోయారు. మళ్లీ చెప్పింది. చివరికి చెల్లెలు వచ్చి, అక్క అలిసిపోయిందన్నారు. మేము గుమ్మం దిగుతుంటే పెద్ద డాక్టరమ్మ మా అమ్మాయి చెయ్యి పట్టుకుని, “ఎవరికో బాగాలేదన్నావు, తగ్గిందా అమ్మా?” అని అడిగారు. “తగ్గిందండీ” అంది అమ్మాయి.

సందు మలుపులో ఉండగా అమ్మాయి ఫోను మోగింది. కొండ మీది కొత్త పిల్ల. ఏడుపు నాదాకా వినబడింది. మా అమ్మాయి ఒక కొట్టు అరుగు మీద కూర్చుంది. మూడు ప్రశ్నలూ అడిగింది, మూడోది కూడా. పూర్తిగా విని, “నేనైనా అదే కట్టేదాన్ని. వెళ్లి అన్నం తిను” అంది. ఫోను సంచిలో వేసుకుని నా కేసి చూసింది. “దానికి నేనున్నాను నాన్నా. నాకెవరంటారు ఆ మాట?”

అయ్యా, ఏ గోడు ఎవరి పేర రాయాలో నలుగురికీ చెప్పి బతికినవాణ్ణి. ఈ ప్రశ్న ఎవరి పేర రాయాలో నాకు తెలియలేదు. అందుకే పై అర్జీ చింపకుండా తమ పేరనే పంపుతున్నాను. అనుమతి ఇక అక్కర్లేదు. సెలవు అయిపోగానే అమ్మాయి పనిలోకి పోతుంది. ఆ ముగ్గురిలో ఎవరు ఫోను చేసినా ఎత్తుతుంది. తను చేస్తే ఎత్తడానికి ఎవరున్నారో ఒక్కరి పేరు రాసి పంపండి.