క్యారేజీ సముద్రంలో పడిన రోజు

గాజువాక,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కకు,

నీ చెల్లెలు సుభద్ర నీ పాదాలకు దండం పెట్టి రాస్తున్నది. నేనిక్కడ బాగున్నాను, నిజంగానే బాగున్నాను. నువ్వూ బావగారూ ఎలా ఉన్నారు? బావగారి మోకాలినొప్పి తగ్గిందా, ఇంకా సైకిలే తొక్కుతానని మంకుపట్టు పడుతున్నారా? బాబు పరీక్షలు ఎలా రాశాడు? ఫోనులో మాట్లాడక ఈ ఉత్తరమేమిటే అంటావు. ఫోనులో నువ్వు నన్నెక్కడ మాట్లాడనిస్తావు? "తిన్నావా" అని అడిగి, నేను నోరు తెరిచేలోగా "చిక్కిపోయుంటావు" అని తీర్పు చెప్పేస్తావు. రోములో కూడా రెండు పక్షాలూ విన్నాకే తీర్పు చెప్పేవాళ్ళు. అందుకే కాగితం తీసుకున్నాను. ఇందులో నువ్వు అడ్డం రాలేవు.

ముందు అసలు కబురు. నేను బందరు తిరిగి రావడం లేదు. నేను పాఠం చెప్పే పేపరు నిలబడింది, నా ఉద్యోగం నిలబడింది! గట్టిగా అరవాలని ఉంది. కానీ మా ఇంటిగలావిడ మరియమ్మగారు చర్చి నుంచి వచ్చి ఇప్పుడే నడుం వాల్చారు. అందుకని అరుపంతా కాగితం మీదే.

మొదటినుంచీ చెబుతాను. నేను పాఠం చెప్పేది పాతకాలపు గ్రీకుల, రోమన్ల న్యాయశాస్త్రం. "ఆ రోము వాళ్ళు లేచొచ్చి నీకు ఫీజు ఇస్తారా? నల్లకోటు వేసుకుని మన కోర్టుకు పోవే" అని నువ్వన్న మాట నాకు గుర్తే. నువ్వు కుట్టిచ్చిన నల్లకోటు పెట్టె అడుగున భద్రంగా ఉంది. కలరా ఉండలు వేశాను, బెంగపడకు. కానీ నాకు ఆ రెండు వేల ఏళ్ళ నాటి మనుషుల తగాదాలంటేనే ఇష్టం అక్కా. పక్కింటి చూరు నీళ్ళు మనింట్లో పడుతున్నాయని వాళ్ళూ కొట్టుకున్నారు. అమ్మిన ఎద్దు కుంటిదని వాళ్ళూ కోర్టుకెక్కారు. చదువుతుంటే మన వీధిలో కూర్చున్నట్టే ఉంటుంది.

ఇక్కడ ఉక్కపోత బందరుకేం తీసిపోదు. ఆటోనగర్ వైపు నుంచి ఇనుము మీద ఇనుము కొట్టే చప్పుడు పొద్దున్నే మొదలవుతుంది, ఇప్పుడు అది లేకపోతేనే నిద్ర లేవలేను. మా లా కాలేజీ ద్వారకా నగర్‌లో ఒక మేడ మీద. కింద బ్యాంకు పరీక్షల కోచింగు. వాళ్ళకు కూర్చోవడానికి చోటు చాలదు, మెట్ల మీద కూడా పిల్లలే. పైన నా క్లాసులో ఫ్యాను గాలికి కాగితాలు తప్ప కదిలేవి లేవు. స్టాఫ్ రూములో అందరూ మంచివాళ్ళే. కానీ ఏళ్ళ తరబడి కలిసి తింటున్నవాళ్ళు. వాళ్ళ గుంపులు వాళ్ళకున్నాయి. నేను మూల కుర్చీలో పుస్తకం ముందు పెట్టుకుని తినేదాన్ని. ఒక్కదాన్నే తినడం నాకు ఎప్పటికీ అలవాటు కాలేదు. నువ్వు పంపిన గోంగూర పచ్చడి కలుపుకున్న రోజు ఇంకా ఎక్కువ దిగులు వేసేది.

ఇంతలో ప్రిన్సిపాల్ గారు పిలిచారు. పెద్దాయన, కోపం లేని మనిషి. "పిల్లలు చేరడం లేదమ్మా. వచ్చే ఏడాది నీ పేపరు తీసేద్దామనుకుంటున్నాం" అన్నారు. పేపరు పోతే నేనూ పోయినట్టే, నేను చెప్పగలిగింది అదొక్కటే కదా. అయినా అడిగేశాను. "ఒక్క క్లాసుకు వచ్చి కూర్చోండి సార్. మిగతా క్లాసుల పిల్లల్నీ కూర్చోబెట్టండి. ఆ తర్వాత మీ ఇష్టం." ఆయన సరేనన్నారు.

ఓడరేవు ఊళ్ళో పుట్టి, ఓడరేవు ఊళ్ళో బతుకుతున్నదాన్ని, ఏ పాఠం ఎంచుకుంటాను? రోడ్స్ అని గ్రీకుల దీవి ఒకటుంది. అక్కడి నావికుల కట్టుబాటును రోమన్లు తమ చట్టంలో కలుపుకున్నారు. తుపానులో ఓడ బరువు తగ్గించడానికి ఒకడి సరుకు సముద్రంలో పారేశారనుకో. ఓడ గట్టెక్కితే ఆ నష్టం వాడొక్కడిది కాదు. ఎవరెవరి సరుకు మిగిలిందో వాళ్ళందరూ కలిసి పూడ్చాలి. ఇప్పటికీ మన రేవులోకి వచ్చే పెద్ద ఓడలకు ఇదే పద్ధతి.

ఇది నోటితో చెబితే నిద్రపోతారని, బెంచీలన్నీ కలిపి ఓడ చేశాను. సరుకు తెమ్మంటే పిల్లల దగ్గరేముంటుంది? మధ్యాహ్నం క్యారేజీలు. అందరూ తెచ్చి మధ్యలో పెట్టారు. నాయుడని ఒక అల్లరివాడున్నాడు, వాణ్ణి ఓడ నడిపే సరంగును చేశాను. ప్రిన్సిపాల్ గారు వెనక బెంచీలో పెన్ను పట్టుకుని కూర్చున్నారు.

"అలలు లేచిపోతన్నాయి బావా, పట్టుకో! ఓడ ఒరిగిపోతంది!" అని నాయుడు బెంచీలు ఊపడం మొదలుపెట్టాడు. అన్నిట్లోకీ బరువైనది లావణ్య రొయ్యల కూరతో తెచ్చిన నాలుగు గిన్నెల క్యారేజీ. ఆ పిల్ల అచ్యుతాపురం నుంచి వస్తుంది, వాళ్ళ నాన్న అక్కడి ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. నాయుడు దాన్ని పట్టుకెళ్ళి గుమ్మం బయట పెట్టి, "సముద్రంలో పడేసీనాను!" అని అరిచాడు.

ఇక చూడాలి వాదన! "నాది పెరుగన్నం మేడం. దాని రొయ్యలకీ నా పెరుగన్నానికీ పొత్తేటి?" అని ఒకడు. "ఓడ ములిగితే నీ పెరుగన్నం కూడా ములిగిపోను కదేటి?" అని లావణ్య. ఎవరి వాటా ఎంతో తేల్చడానికి బోర్డు దగ్గర తోసుకున్నారు. కింద కోచింగు మైకు కూడా వినబడలేదంటే నమ్ము. ప్రిన్సిపాల్ గారి పెదవి కొంచెం కదిలింది. నేను గాల్లో తేలుతున్నాను.

గంట కొట్టే వేళకు లావణ్య తన క్యారేజీ కోసం బయటికి వెళ్ళింది. లేదు. కిందకు వెళ్ళి చూస్తే వాచ్‌మన్ సింహాచలం గారు గిన్నెలు కడిగి బోర్లిస్తున్నారు.

"నాకే పెట్టారనుకున్నానండి. రొయ్యలు సానా బాగున్నాయండి" అన్నారాయన.

పిల్లలు నవ్వారు, లావణ్య నవ్వలేదు. పొద్దున్నే బస్సెక్కి వచ్చిన పిల్ల, ఆకలి మీద ఉంది. తరగతిలోకి వచ్చి కళ్ళనీళ్ళతో నన్నే చూసింది. "నిజం సెప్పండి మేడం. నిజంగా ఓడలో ఉంటే, నా తిండికి కూడా ఈల్లందరూ వాటా ఇస్తారా?"

అక్కా, నా తప్పు నాకు అప్పుడు తట్టింది. ఇవ్వరు. ఆ చట్టంలోనే రాసుంది, దారిలో తినడానికి తెచ్చుకున్న తిండిని ఈ వాటాల లెక్కలో చేర్చకూడదని. నాకు కంఠతా వచ్చిన ముక్క అది! ఓడ హడావుడిలో పడి, లెక్కలోకి రాని సరుకునే తెచ్చి మధ్యలో పెట్టించాను. రోమన్ న్యాయం చదివినవాళ్ళు తప్ప ఇలాంటి తప్పు ఇంకెవరూ చెయ్యలేరు. దాటేద్దామా అనిపించింది. ప్రిన్సిపాల్ గారికి ఆ సంగతి తెలీదు, పేపరు దక్కించుకుని బయటపడొచ్చు. కానీ అబద్ధపు పాఠంతో నిలబెట్టిన పేపరు నాకెందుకు?

"లేదమ్మా, తప్పు నాది" అన్నాను. "తిండికి ఈ లెక్క వర్తించదు."

ప్రిన్సిపాల్ గారు పెన్ను కింద పెట్టేశారు. అయిపోయింది, ఇక బందరు బస్సే అనుకున్నాను. అయినా సగం చెప్పి ఆపలేను కదా, ఎందుకు వర్తించదో కూడా చెప్పాను. "తిండికి వాటాలు ఎందుకు కట్టరంటే, కట్టాల్సిన పని లేదు. దారిలో తిండి తరిగిపోతే, ఎవరి దగ్గరున్నది వాళ్ళు తెచ్చి అందరి మధ్యలో పెట్టాల్సిందే. ఇంత నీది, ఇంత నాది అన్న మాటే ఉండదు."

ముందుగా లేచింది ఆ పెరుగన్నం పిల్లాడే. మూత తీసి లావణ్య ముందు పెట్టాడు. "తినీయే. లెక్కలు లేవంతన్నారు కదా." ఆ వెనక పులిహోర వచ్చింది, చపాతీలు వచ్చాయి, మరియమ్మగారు నాకు కట్టిచ్చిన చేపల పులుసు వచ్చింది. చివరికి ప్రిన్సిపాల్ గారు లేచి వెళ్ళి తన గదిలోంచి క్యారేజీ తెచ్చుకుని వచ్చారు. "నేనూ ఈ ఓడలోనే ఉన్నానమ్మా" అన్నారు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నీ గోంగూర సీసా అక్కడే మూత తీశాను, చేతులు మారుతూ వెళ్ళి నా దగ్గరకు ఖాళీగా తిరిగొచ్చింది. సింహాచలం గారు కడుపు నిండినా మళ్ళీ మేడెక్కి వచ్చి నాకారు దాన్ని.

వారం తిరక్కముందే నా పేపరుకు పేర్లిచ్చిన పిల్లలకు నా గది చాలలేదు, పెద్ద గది ఇచ్చారు. ప్రిన్సిపాల్ గారు పిలిచి ఒకటే మాట అన్నారు. "పేపరు ఉంటుంది. తప్పును తప్పని క్లాసులో నిలబడి చెప్పగలిగినవాళ్ళే న్యాయం చెప్పాలి." ఇక నుంచి పిల్లలతో రోమన్ల కోర్టు కూడా నడిపించమన్నారు. అందుకని ఈ పొద్దున పెట్టె అడుగు నుంచి నీ నల్లకోటు తీశాను. భుజాల దగ్గర సరిగ్గా సరిపోయింది. నేను చిక్కలేదని ఆ కోటే సాక్ష్యం!

బావగారికి నమస్కారాలు చెప్పు, మోకాలికి ఆముదం కాపడం పెట్టమను. బాబుకు ముద్దులు. పిన్నికి నేను మరచిపోలేదని చెప్పు. మీ అందరి దీవెన ఇలాగే నా వెంట ఉండాలి. ఇకమీదట ఫోను చేసి తిన్నావా అని అడగకు అక్కా. గోంగూర పెద్ద సీసాలో పంపు. తినేవాళ్ళం చాలామందిమి ఉన్నాం.

నీ దీవెనలతో గట్టెక్కిన చెల్లెలు,
సుభద్ర