గురువమ్మ పొయ్యి ఉన్న ముందుగది

విశాఖపట్నం వన్‌టౌన్, పాత పోస్టాఫీసు వెనుక సందులో సొంత ఇంట్లో ఉంటున్న పిన్నింటి శ్రీరామ్మూర్తి అనే నేను, కీర్తిశేషులు సత్యంనాయుడు కుమారుణ్ణి, పోర్టు కార్యాలయంలో గుమస్తాగా పనిచేసి విరమించినవాణ్ణి, డెబ్భై తొమ్మిదో ఏట, ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినది రద్దు.

నా మతి స్థిమితంగా ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం జతచేశాను. ఆయన నన్ను ఇవాళ ఏ వారమని అడిగాడు, వందలోంచి ఏడు తీసెయ్యమన్నాడు. నీ భార్యకి ఏమి ఇష్టమని అడగలేదు. అడిగి ఉంటే ఆ కాగితం ఇచ్చేవాడు కాదు.

నాకు పిల్లలు లేరు. భార్య గౌరీశ్వరి పోయి పదకొండేళ్ళయింది. నా ఇంటి ముందుగదిలో గురువమ్మ ఎన్నో ఏళ్ళుగా టిఫిన్ కొట్టు నడుపుతోంది. నేను పోయాక కూడా ఆ కొట్టు అక్కడే ఉండాలి. ఈ కాగితం అందుకే రాస్తున్నాను. మిగతా పంపకాలు దారిలో తగిలినవి.

ఒకటి. నా పుస్తకాలన్నీ కురుపాం మార్కెట్ దగ్గర పాత పుస్తకాలు అమ్మే మోహనకృష్ణకి చెందాలి. ఒకే రష్యన్ నవలని నాకు మూడుసార్లు అమ్మాడు. రెండుసార్లు నేను తిరిగి అతనికే అమ్మేసిన ప్రతి అది. పుస్తకాన్ని బరువు చూసి ధర కట్టే మనిషికి ఇంత సాహిత్యం అప్పగించడం కష్టంగానే ఉంది. కానీ అతని కొట్లో మెట్ల కింద, ఫ్యాను గాలి తగిలేచోట ఒక స్టూలుంది. దాని మీద కూర్చుని, ఏమీ కొనకుండా, నా ఉద్యోగ విరమణ తర్వాతి జీవితమంతా చదివేశాను. ఒక్కసారీ లేవమనలేదు.

రెండు. నా తమ్ముడి కూతురు, పెందుర్తిలో ఉంటున్న హిమబిందుకి తగరపువలస దగ్గర జీడితోటలో నా వాటా, ఈ ఇంటి వెనుక భాగం, గౌరి కుట్టుమిషను. ముందుగది మాత్రం ఇవ్వను. కారణం రాస్తున్నాను, తర్వాత పెదనాన్న అన్యాయం చేశాడని అనుకోకూడదు.

ఈ అమ్మాయి మా పేట మీద వీడియో తీసింది. పాత ఊళ్ళో ఎవరికీ తెలియని చోట్లు అని దానికి పేరు. ఎవరికీ తెలియకపోతే, పొద్దున్నించీ వాటిలో కూర్చుంటున్న మేమెవరం? ఆ వీడియో తర్వాత సాయిశంకర్ సోడా కొట్లో నీలం సోడా, గులాబీ సోడా వచ్చాయి. ఉప్పు నిమ్మకాయ సోడా అడిగితే, “అది ఇప్పుడు మెనూలో నేదు బాబాయ్, మీకైతే కలిపెడతాను” అన్నాడు. కలిపిపెట్టాడు కూడా. మనిషిని కోపంగా కూడా ఉండనివ్వరు.

ఆ తర్వాత హిమబిందు మా ఇంటికి వచ్చి, “పెదనాన్నా, ముందుగదిని హెరిటేజ్ కేఫ్ చేద్దాం. గురువమ్మ గారిని తీసెయ్యం. యూనిఫాం ఇచ్చి లైవ్ కౌంటర్లో నిలబెడదాం” అంది. గురువమ్మ పెనం మీద నీళ్ళు చల్లుతూ, “యూనిఫారమేటమ్మా, నానేటి బస్సు కండట్రునా?” అంది. హిమబిందు చెడ్డది కాదు. నచ్చినదాన్ని ఉన్నచోట ఉండనివ్వడం చేతకాదు, అంతే.

మూడు. ఈ కింది చోట్లు నావి కావు, ఇచ్చే హక్కు నాకు లేదు. అయినా రాస్తున్నాను. కొండ మీది చర్చి వెనుక పిట్టగోడ. ఓడలు హార్బరు కాలువలోకి తిరగడం అక్కణ్ణించి కనిపిస్తుంది. బేకరీ పెరటి తలుపు. సాయంత్రం పొయ్యిలోంచి రేకు దించగానే బన్ను అక్కడే వేడిగా దొరుకుతుంది. మార్కెట్లో మూలికల కొట్టు. దగ్గుతూ వెళితే చాలు, అడక్కుండానే శొంఠిముక్క చేతిలో పెడతారు.

పెళ్ళయిన వారంలోనే గౌరిని ఈ మూడు చోట్లకీ తిప్పాను. తర్వాత ముప్పై ఎనిమిదేళ్ళూ తిప్పాను. ఎప్పుడూ వద్దనలేదు. బన్ను సగం తిని మిగతా సగం నా చేతిలో పెట్టేది. అది నా మీద ప్రేమ అనుకున్నాను. బన్ను నచ్చక ఇచ్చిందా అన్నది నాకిప్పుడు తెలియడం లేదు. అందుకే ఈ అంశాన్ని ఎవరి పేరునా రాయకుండా వదిలేస్తున్నాను.

నాలుగు. ముందుగది. మొదటి వీలునామాలో దాన్ని గురువమ్మకే రాశాను. దాని కిందనే, నా బావమరిది దేవీప్రసాద్ నా ఇంటి గడప తొక్కరాదని కూడా రాశాను. దేవీప్రసాద్ గౌరి తమ్ముడు. గౌరి పెద్దకర్మ నాడు, ఆమె బతుకంతా గడిచిన ఈ పేటలో వంటవాళ్ళే లేనట్టు, ద్వారకా నగర్ నుంచి ఏసీ హోటలు భోజనాలు తెప్పించాడు. నేను విస్తరి ముందు నుంచి లేచిపోయాను. ఆ రోజు నుంచి మాకు మాటల్లేవు. ఆదివారాలు తప్ప రోజూ పొద్దున్న గురువమ్మ కొట్లో ఒకే బల్ల మీద తింటాం. మా మధ్య ఏది కావాలన్నా ఆవిడ నోటి మీదుగానే. “గురువమ్మా, పేపరు అయిపోతే ఇటివ్వమను.” “అయిపోలేదంట బాబూ. సదివిందే సదువుతన్నారు.” అతను ఈ మాటలకి నవ్వుతాడు. నేను నవ్వను.

ఆ వీలునామా గురువమ్మకి చదివి వినిపించాను. సంతోషిస్తుందనుకున్నాను.

“నాకొద్దు బాబూ,” అంది. “నా పేరున కాయితం ఉంటే నా కొడుకులిద్దరూ రేపే గోడకి గీత గీసేత్తారు. ఎల్లుండి అమ్మేత్తారు. ఇది మీదవబట్టే నా పొయ్యి ఎలుగుతంది.”

బతికున్నంత కాలం అనుభవించే హక్కు రాయిద్దామని లాయరు జ్యోతిర్మయి అంది. గురువమ్మ దానికీ తల ఊపలేదు. కాగితం చిన్నదైనా పెద్దదైనా కొడుకులకి కాగితమే అంది. తన తర్వాత కోడలు పైడితల్లి అట్లు వేస్తుందట, పైడితల్లి పేరు కూడా రాయొద్దట.

ఇదంతా అయ్యాక ఆవిడ రెండో సంగతి ఎత్తింది.

“ఆ బోజినాలు గౌరమ్మే తెమ్మంది కదా. ఆస్పత్రిలో తమ్ముడి సెయ్యి ఒట్టుకుని సెప్పినాది. మీ బావ తిప్పిన సోటల్లా తిన్నానురా, నా పేరున పెట్టే కూడైనా నాకు నచ్చిన కాడ్నించి తే, ఆయనకి మాత్తరం సెప్పకు, మనసిరిగిపోద్ది అంది. నాను మంచం కాడే ఉన్నాను.”

ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదని అడిగాను.

“మీరు అడగనేదు బాబూ. ఆ బాబు సెప్పొద్దన్నాడు.”

అప్పటి నుంచి నాకు ఏదీ సరిగ్గా అర్థం కావడం లేదు. నేను చదివినవాణ్ణి, మనుషుల గురించి చదివినవాణ్ణి. గౌరి ఆదివారాలు కనకమహాలక్ష్మి గుడికని బయలుదేరేది. ఊరంతా గురువారం వెళ్ళే గుడికి ఈవిడ ఆదివారం ఎందుకు వెళుతోందని నేనెప్పుడూ ఆలోచించలేదు. కుంకుమ కూడా తెచ్చి పెట్టేది.

దేవీప్రసాద్‌ని క్షమించానని ఎవరూ అనుకోవద్దు. చెప్పకపోవడం కూడా నేరమే. కానీ పదకొండేళ్ళు నా తిట్లు తింటూ, నా ఎదురుగానే అట్టు తింటూ, చచ్చిపోయిన అక్కకిచ్చిన మాట మీద నిలబడ్డవాడు, ఒక గదిని ఎవరికీ అమ్మకుండా ఉంచగలడు. అలాంటి మొండివాడు ఈ పేటలో నాకు ఇంకొకడు తెలియదు.

కాబట్టి ముందుగది దేవీప్రసాద్‌కి చెందాలి. గురువమ్మ గాని, ఆవిడ తర్వాత పైడితల్లి గాని పొయ్యి వెలిగిస్తున్నంత కాలం అమ్మరాదు, అద్దె పెంచరాదు, అతను రోజూ అక్కడే టిఫిన్ తినాలి. అతని తర్వాత ఎవరికన్నది అతని బుద్ధికే వదిలేస్తున్నాను. నా బుద్ధి మీద నాకు నమ్మకం తగ్గింది.

ఈ సంగతి అతనికి గురువమ్మ చేతే చెప్పించాను. అతను ఇడ్లీ తుంచుతూ, నా వైపు చూడకుండా జవాబిచ్చాడు. “అద్దె పెంచనని సెప్పు. గోడకి సున్నం తప్ప ఇంకేటీ ఎయ్యను. రోజూ ఇక్కడే తినాలంటే మాత్రం కుదరదు. ఆదివారం నాను ద్వారకా నగర్ ఎల్తాను. అక్కా నానూ ఎల్లీవోళ్ళం. ఇప్పుడు ఒక్కణ్ణే ఎల్తన్నాను.”

ఆదివారం మినహాయింపు ఇస్తున్నాను.

అయిదు. పై బహుమతికి ఒక షరతు. వచ్చే ఏదైనా ఒక ఆదివారం దేవీప్రసాద్ నన్ను ఆ హోటలుకి తీసుకువెళ్ళాలి. గౌరి ఏ కుర్చీలో కూర్చునేదో చూపించాలి, ఏమి తినేదో అదే తెప్పించాలి. మాట్లాడుకోవలసిన పని లేదు. వీలునామా మనిషి పోయాకే అమలవుతుంది, బతికుండగా జరగాల్సిన షరతు ఇందులో చెల్లదని జ్యోతిర్మయి రెండుసార్లు చెప్పింది. నాకు అర్థమైంది. కొట్టెయ్యను. ఇంకెలా అడగాలో నాకు తెలియదు.

ఈ వీలునామా అమలు బాధ్యత లాయరు జ్యోతిర్మయిది.

విశాఖపట్నం, 2025 నవంబరు 17, సోమవారం.

(సంతకం) పిన్నింటి శ్రీరామ్మూర్తి

మా ఎదుట సంతకం చేశారు:
1. సాయిశంకర్, సోడా కొట్టు
2. రోజారమణి, పక్క ఇల్లు