మాగ్నెటో పేజీ

ముదిగుబ్బ, 12-4-1961

తమ్ముడు పుల్లన్నకు అన్న రాస్తున్నది. ఇక్కడ వాన ఒక్కటే లేదు, మేమందరం ఉన్నాము.

ఈ కవరులో ఒక పేజీ పెట్టాను. నీకు ఇంగ్లీషు వచ్చు గనుక, అందులో ఉన్నదంతా తెలుగులో రాసి వెంటనే పంపు. మీ ఆఫీసులో ఎవరికీ చూపొద్దు.

వేరుశెనగ కాయల మండీ బదరీనారాయణ మదరాసు నుంచి మోటారుసైకిలు రిపేరు పుస్తకం తెప్పించుకున్నాడు. ఇరవై ఏళ్లుగా నేను స్క్రూడ్రైవరు ఒక కొన ఇంజనుకు, ఇంకో కొన చెవికి ఆనించి ఇంజను జబ్బు కనిపెడుతున్నాను. అతనేమో పంచె ఎగ్గట్టి, అరుగు మీద పుస్తకం పరిచి, వేలు పెట్టి చదువుకుంటూ తన బండి తానే విప్పుతాడు. ఊరంతా చూడ్డానికి అక్కడే. నా షాపులో కూర్చుని టీ తాగేవాళ్లు కూడా అక్కడే. నాకు కడుపు మండిపోయింది. అతను మంచినీళ్లకు లోపలికి పోయినప్పుడు ఇంజనుకు నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో బొమ్మ ఉన్న పేజీ చించుకొచ్చాను.

నిన్న ఆ బండి ఆగిపోయింది. తోసుకుంటూ నా దగ్గరికే వచ్చాడు. గెలిచాననుకున్నాను. మాగ్నెటో విప్పి ఎంత తంటాలుపడ్డా నిప్పురవ్వ రాలేదు. స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుంటే మాత్రం, ఆగిన ఇంజను ఏం చెబుతుంది?

"తొందర లేదు మేస్త్రీ," అన్నాడు. "నా బుక్కులో ఆ పేజీ ఒకటే లేదప్పా, అచ్చేసినోళ్లే మరిసినట్టుండారు. బాగు చేసినంక ఎట్ల చేసినావో చెప్పు. రాసి, కింద నీ పేరు పెట్టి, ఆడ అంటిస్తా."

కాబట్టి తమ్ముడూ, ఆలస్యం చేయకు. మాటలు నేను మాట్లాడినట్టే ఉండాలి. ఇంగ్లీషు పేజీ మాత్రం తిరిగి పంపకు, అక్కడే కాల్చెయ్యి.

నీ అన్న